బతుకు ఆటలో కరువు పెట్టాలా, వద్దా? శెనక్కాయ (వేరుశనగ) చేను ఆటకు సలహాలు కావాలి

ఎర్రనేల_ఆట (అనంతపురం)

అన్నలకు, అక్కలకు నమస్కారం. అనంతపురం పక్కన ఒక పల్లెను పెట్టుకొని ఫోన్‌లో ఆడే జీవన సిమ్యులేషన్ ఆట చేస్తున్నాం. ఆటలు తయారుచేసే గోడో ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. 2 జీబీ ర్యామ్ ఫోన్‌లో కూడా ఆగకుండా నడవాలి. ఆట మొదట్లో చేతికొచ్చేది 5 ఎకరాల మెట్ట చేను, ఒక జత ఎద్దులు, పాత మిద్దె, ఇంట్లో నలుగురు. దున్నడం, విత్తడం, సంత, పండగలు, పిల్లల చదువు, చుట్టాల పెళ్లిళ్లు అన్నీ పెట్టాం.

తగువంతా కరువు దగ్గరే. పొద్దంతా పని చేసొచ్చి రాత్రి ఒక గంట ఆడుకునేవాళ్లకు మళ్లీ ఎండిన చేను ఎందుకు చూపాలి అనేది ఒక వాదన. కరువు తీసేస్తే అది అనంతపురమే కాదు, ఎర్రమట్టి రంగు వేసిన ఇంకో పల్లె అనేది రెండో వాదన. రెండిటిలోనూ నిజముంది.

ఇప్పుడున్న ఏర్పాటు ఇదీ. మూడో ఏడాది తప్పకుండా కరువొస్తుంది. పంట మొత్తం పోతుంది. రెండు నిమిషాల బొమ్మ, దాని వెనక విషాద సంగీతం. ఆడి చూసినవాళ్లలో ఎక్కువమంది ఆ బొమ్మను దాటేసి, అప్పు తీసుకొని మళ్లీ విత్తుతున్నారు. ఎవరికీ ఏమీ అనిపించడం లేదు. ఎక్కడ తప్పు పోతోంది? వాన, బోరు, అప్పు, వలస, ఈ నాలుగూ ఆటలో ఎట్లా పెట్టాలి? అసలు పెట్టకూడనివి ఏమైనా ఉన్నాయా?

---

పాచికల_లెక్క

కరువు పెట్టండి, ఆ బొమ్మ తీసేయండి. ఎవరేం చేసినా మూడో ఏడు పంట పోతుందంటే ఆడేవాళ్ల చేతిలో ఏమీ లేదు. చేతిలో ఏమీ లేనప్పుడు దాటేయడం తప్ప చేసేదేముంది? కష్టం ఆట నియమాల్లోకి రావాలి. ఏం విత్తాలి, ఎప్పుడు విత్తాలి, ఎంత అప్పు చేయాలి అనే ప్రతి నిర్ణయం మీదా దాని బరువు పడాలి.

హాయిగా ఉండే ఆటల్లో కష్టం లేదనుకోవడం పొరపాటు. 2000లో వచ్చిన ద సిమ్స్ అనే ఇల్లు నడిపే ఆటలోనే బిల్లులు కట్టకపోతే ఒక మనిషొచ్చి ఇంట్లో సామాను ఎత్తుకుపోతాడు. పిల్లల్ని పట్టించుకోకపోతే వాళ్లనూ తీసుకుపోతారు. రెండో సిమ్స్ నుంచి మదర్‌లోడ్ అని టైపు చేస్తే 50,000 వచ్చి పడుతుంది. కష్టమూ ఉంది, దాన్ని తప్పించుకునే దారీ ఉంది. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకున్నారు.

2016 నాటి సేద్యం ఆట స్టార్‌డ్యూ వ్యాలీ మీ ఆటకు దగ్గర. అందులో నీళ్లు పోయకపోతే మొక్క చావదు, ఆ రోజుకు పెరగదు, అంతే. ఎంత సరుకు తెచ్చి పోసినా ధర పడిపోదు. ఆ ఆట హాయి చాలావరకు ఈ రెండు నియమాల మీదే నిలబడింది. మీరు ఆ రెండింటినీ తిరగేయండి. నీళ్లు లేకపోతే చెట్టు వాడుతుంది. ఊరంతా ఒకే పంట తెస్తే ధర పడుతుంది. ఇంకే హంగూ లేకుండానే మీ పల్లె రాయలసీమ అవుతుంది.

వానకు రెండు స్థితుల మార్కోవ్ గొలుసు చాలు. నిన్న వాన పడకపోతే ఈరోజు పడే అవకాశం ఒకటి, నిన్న పడివుంటే ఇంకొకటి. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాది సగటు సుమారు 550 మిల్లీమీటర్లు. జూలైలో 65 నుంచి 70, సెప్టెంబరులో 115 నుంచి 120. జూలైకి ఎండ రోజు తర్వాత వానకు 0.12, వాన రోజు తర్వాత వానకు 0.35 పెట్టి, పడిన రోజుకు సగటున 14 మిల్లీమీటర్లు ఇవ్వండి. నెలకు దాదాపు 5 వాన రోజులు, 67 మిల్లీమీటర్లు వస్తాయి. సెప్టెంబరుకు 0.20, 0.40, రోజుకు 16 పెడితే 120 వస్తుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. ఈ గొలుసు ఒక్కదాన్నే నమ్ముకుంటే అన్ని ఏళ్లూ దాదాపు ఒకేలా వస్తాయి. 0.12 దగ్గర మొదలైన ఎండ వరుసగా 20 రోజులు దాటే అవకాశం 8 శాతమే. నిజం కరువు అట్లా రాదు, ఏడాది మొత్తాన్నీ పట్టుకుంటుంది. కాబట్టి ఏడాది మొదట్లో ఒక చీటీ తీయండి: మంచి ఏడు, మామూలు ఏడు, వాన తక్కువ ఏడు. తక్కువ ఏట 0.12ను 0.06 చేయండి. 20 రోజులు దాటే అవకాశం 29 శాతానికి పోతుంది. గొలుసు అదే, మారింది ఒక్క అంకె. చీటీలో ఏం వచ్చిందో ఆడేవాళ్లకు చెప్పొద్దు. పునర్వసు కార్తె దాటేసరికి వాళ్లకే అనుమానం మొదలవ్వాలి.

మొదటి ఏడు మాత్రం చీటీ తీయకుండా మామూలు వాన ఇచ్చేయండి. మామూలు ఏడంటే ఎట్లుంటుందో చూడనివాళ్లకు కరువు కరువుగా కనబడదు. ఆటంటే ఇంతే కాబోలు అనుకుంటారు.

ఆ ఏటి వానలన్నిటినీ ఉగాది నాడే లెక్కకట్టి సేవ్‌లో దాచేయండి. లేకుంటే విత్తనం వేసి, వాన రాకపోతే ఆట మూసి, మళ్లీ తెరిచి ఇంకో వాన తెచ్చుకుంటారు. ఉగాది రోజు గుడి దగ్గర పంచాంగ శ్రవణం పెట్టండి, ఆదాయ వ్యయాలు చదివించండి. చదివినదానికీ దాచిన వానకూ సంబంధం ఉండకూడదు.

ఇంక బోరు. లాటరీ తరహా ఫోన్ ఆటల్లో నాలుగుసార్లు ఓడితే ఐదోసారి గెలిపించే ఏర్పాటు ఉంటుంది. బోరుకు దాన్ని వాడితే ఆట అబద్ధం నేర్పుతుంది. ఇంకొక్కటి వేస్తే పడుతుంది అనే మాటే ఊళ్లలో పొలాలు అమ్మించింది. మన కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లుండేది రాతి పగుళ్లలో. నాలుగు ఎండాయి కాబట్టి ఐదోదాంట్లో పడాలని లేదు. పైగా ఊరంతటికీ నీటి మట్టం ఒకటే చరరాశిగా పెట్టండి. మీ బోరులో పడితే పక్క చేను బోరు తగ్గాలి. రెండేళ్లు వాన తగ్గితే అందరిదీ కలిసి కిందికి పోవాలి. అడుగుకు ఇంతని ఖర్చు తెర మీద కదులుతుండాలి, ప్రతి 50 అడుగులకూ ఆపాలా, దింపాలా అని అడగాలి. 300 అడుగుల దగ్గర తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ లేదు, అప్పటికే అంత ఖర్చయింది, ఇప్పుడు ఆపేదెట్లా అని చెయ్యి ఆడకపోవడం, ఆ ఒక్క క్షణం సరిగ్గా వస్తే మీ రెండు నిమిషాల బొమ్మ అక్కర్లేదు.

---

కదిరి_మెట్ట

పైన చెప్పిన వాన లెక్క బాగుంది. అది చేనులో ఏం చేస్తుందో చెబుతాను, ఇక్కడ తప్పు పోతే రైతు ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు మొదటి గంటలోనే ఆట పక్కన పడేస్తారు.

మొదట కాలెండర్. నెలలు వద్దు, కార్తెలు పెట్టండి. ఏడాదికి 27, ఒక్కోటి 13 లేదా 14 రోజులు. ఒక కార్తె అంటే ఆటలో ఒక వంతు. మృగశిర జూన్ 8 ప్రాంతంలో వస్తుంది, పునర్వసు జూలై మొదట్లో, ఆశ్లేష ఆగస్టు మొదట్లో, హస్త సెప్టెంబరు చివర్లో. మెట్టకు విత్తేది ఎక్కువగా జూలైలో. ఆశ్లేష దాటాక శెనక్కాయ వేస్తే దిగుబడి తగ్గేటట్టు పెట్టండి.

నేలను ఒక బకెట్ అనుకోండి. లోతు లేని ఎర్రనేల, చెట్టుకు అందే నీళ్లు 60 మిల్లీమీటర్లు పట్టుతుంది. ఎదిగిన పైరు రోజుకు 4 నుంచి 5 తాగుతుంది. బకెట్ నిండుగా ఉన్నా 12 నుంచి 15 రోజులకు అడుగంటుతుంది. అందుకే 20 రోజుల ఎండ వరుస అంటే అంత భయం. ఒక్కరోజే 90 మిల్లీమీటర్లు కురిసినా బకెట్ 60 దగ్గరే ఆగుతుంది, తక్కినది వంకలో కలుస్తుంది. ఏడాది మొత్తం వాన మామూలుగా ఉండి కూడా పంట పోవడం ఎట్లాగో ఈ ఒక్క నియమం చూపిస్తుంది.

విత్తడానికి పదును, అంటే నేలలో సరిపడే తడి, కావాలి. 20 నుంచి 25 మిల్లీమీటర్లు పడకుండా గొర్రు (విత్తనం వేసే పనిముట్టు) కట్టనివ్వద్దు. పదును రెండు మూడు రోజులే ఉంటుంది. అప్పటికి విత్తనకాయలు ఒలిచి ఉండాలి, ఎద్దులో ట్రాక్టరో చేతిలో ఉండాలి, డబ్బుండాలి. డబ్బు కోసం రెండు రోజులు తిరిగితే ఆ పదును పోతుంది. అప్పు కథ మొదలయ్యేది ఇక్కడే.

ఎండ ఏ వయసులో వచ్చిందనేది ముఖ్యం. కదిరి-6 రకం 100 నుంచి 110 రోజుల పంట. విత్తిన 20, 25 రోజులకు కాస్త బెట్ట తగిలితే శెనక్కాయకు నష్టం లేదు, ఒక్కోసారి మేలు కూడా. పూత తర్వాత ఊడలు (నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే 40 నుంచి 50 రోజుల మధ్య నేల గట్టిపడితే ఊడ లోపలికి దిగదు. 60 నుంచి 85 రోజుల మధ్య ఎండితే కాయ ఊరదు, తాలు పోతుంది. అంటే ఒకే 20 రోజుల ఎండకు మూడు వేర్వేరు ఫలితాలు రావాలి. పంట మొత్తం పోయింది లేదా మొత్తం వచ్చింది అనేది ఆటలో కనబడకూడదు.

తెర మీద శాతం గీత పెట్టొద్దు. చెట్టు పీకి చూడనివ్వండి. 80 రోజులు దాటాక ఒక చెట్టు పీకితే మట్టి విదిల్చిన వేళ్లు, వాటికి వేలాడే కాయలు దగ్గరగా కనబడాలి. కాయ ఒలిచి పెంకు లోపలి వైపు చూపండి: తెల్లగా ఉంటే లేత, గోధుమరంగు, నలుపు చారలు వచ్చివుంటే ముదిరింది. చూడ్డానికి పీకిన చెట్టు మళ్లీ నాటుకోదు, కాబట్టి ఎన్ని పీకాలనేదీ ఒక నిర్ణయమే. ముదిరాక పీకకుండా ఉంటే, అప్పుడు వానొస్తే, నేలలోనే మొలకెత్తుతుంది. ఈ రకాలకు నిద్రావస్థ, అంటే ముదిరిన గింజ కొన్నాళ్లు మొలకెత్తకుండా ఆగే గుణం, ఉండదు. కరువు ఆటలో చివరి దెబ్బ వానే కొట్టడం వింతగా ఉంటుందిగానీ జరిగేది అదే. పీకి చేనులో వేసిన కట్టె (కాయ పోగా మిగిలే ఆకు, కాండం) కూడా ఆ వానకు నల్లబడుతుంది. ఎద్దులకు మేత అదే కదా. కాబట్టి ఒక పంటకు కాయ, కట్టె అని రెండు ఫలితాలు పెట్టండి. కాయ ఎకరాకు ఒక క్వింటాలే వచ్చినా కట్టె మిగిలితే ఎద్దులు మిగులుతాయి. కట్టె కూడా పోతే ఎద్దుల్ని సంతకు తోలాల్సి వస్తుంది, పక్క ఏడు దుక్కికి బాడుగ ట్రాక్టరే గతి.

లెక్కకు ఇట్లా పెట్టుకోండి. ఎకరాకు గింజలు 60 కిలోలు, 6,000 రూపాయలు. దుక్కులు, గొర్రు కలిపి 4,000. ఎరువులు, మందులు 3,000. కలుపు, గుంటక 3,000. పీకి కాయ విడదీసేదానికి 4,000. మొత్తం 20,000. 2024-25లో క్వింటాలు మద్దతు ధర 6,783. అంటే 3 క్వింటాళ్లు వస్తే పెట్టింది వస్తుంది. 4 వస్తే 27,000 చిల్లర. ఒకటిన్నర వస్తే 10,000. ఇంటి మనుషుల కూలి ఇందులో కట్టలేదు.

తప్పించుకునే దారులు కూడా చేనులోనే ఉండాలి. 7 సాళ్ల శెనక్కాయకు 1 సాలు కంది పెడితే, శెనక్కాయ దెబ్బతిన్న ఏడు అక్టోబరు వానలకు కంది నిలబడుతుంది. పదును ఆలస్యమైతే కొర్ర, జొన్న వేసుకోవచ్చు, ఇంకా ఆలస్యమైతే ఉలవ. వీటికి డబ్బు తక్కువే వస్తుంది, చేను బీడు పడదు. తెగుళ్లలో ఒక్కటి తప్పక పెట్టండి: 2000లో జిల్లాలో విరుచుకుపడిన కాండం కుళ్లు వైరస్. దాన్ని మోసేది వయ్యారిభామ అనే కలుపుమొక్క పుప్పొడి, పైరుకు అంటించేది తామర పురుగులు. చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న వేస్తే కొంత ఆగుతుంది. గట్ల మీద వయ్యారిభామ పీకడం ఒక్కరు చేస్తే చాలదు, పక్క చేనువాళ్లూ పీకాలి. ఊరంతా కలిసి చేసే పనికి ఆటలో ఇంతకంటే మంచి సందర్భం దొరకదు.

---

రాత్రి_ఆట

ఇద్దరూ చెప్పింది చదివాను, ఆట బాగా వస్తుంది. అయినా మొదటి వాదనను అంత తేలిగ్గా వదలొద్దు.

2020 మార్చిలో యానిమల్ క్రాసింగ్ కొత్తది వచ్చినప్పుడు లోకమంతా ఇళ్లలో కూర్చుని ఉంది. ఆ ఆటలో ఇంటి అప్పుకు వడ్డీ లేదు, గడువు లేదు, ఎప్పుడు కట్టినా సరే. అప్పంటే భయం ఉన్నవాళ్లకు అట్లాంటి లోకంలో ఒక గంట ఉండటం చిన్న విషయం కాదు. కోసిగిలోనో కళ్యాణదుర్గంలోనో పొద్దంతా ఆ బాధ పడినవాళ్లకు రాత్రిపూట అదే బాధను తెర మీద పెట్టి ఇది మీ గురించే అంటే వాళ్లకేం ఒరిగింది? కష్టం చూపే ఆటలు ఎక్కువగా ఆ కష్టం తెలియనివాళ్ల కోసం తయారవుతాయి. 2011లో అమెరికాలో వచ్చిన స్పెంట్ అట్లాంటిది. చేతిలో 1,000 డాలర్లు పెట్టి నెల గడపమంటుంది. తెలియనివాళ్లకు తెలిపేదానికి మంచిదే. మీ ఆట ఎవరికి?

మన వైకుంఠపాళిలోనూ పాములున్నాయి. పెద్దపాము పైన చివరి వరుసల్లోనే కాచుకొని ఉంటుంది. పిల్లలు ఏడ్చి మళ్లీ ఆడతారు, ఎందుకంటే నిచ్చెనలూ ఉన్నాయి, ఆట అరగంటలో అయిపోతుంది. మీ ఆటలో నిచ్చెనలెన్ని? ఆట మొదట్లోనే మంచి కాలం, మామూలు కాలం, గడ్డు కాలం అని మూడు దారులు ఇవ్వండి. సులభం, కష్టం అని పేర్లు పెట్టొద్దు, మంచి కాలం ఎంచుకున్నవాళ్లు చేతకానివాళ్లు కాదు.

డబ్బు విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ప్రకటన చూస్తే వాన, 99 రూపాయలు కడితే అప్పు మాఫీ, ఇట్లాంటివి ఒక్కటి కూడా పెట్టొద్దు. కరువును నిజంగా గట్టిగా పెట్టి, దాన్నుంచి బయటపడటాన్ని అమ్మితే అది వడ్డీ వ్యాపారమే. ఆటను ఒకేసారి కొనుక్కునేలా ఉంచండి, లేదా ఉచితంగా ఇచ్చి కొత్త ఊర్లు, కొత్త పండగలు అమ్ముకోండి.

---

ఎర్రనేల_ఆట (అనంతపురం)

ముగ్గురికీ దండాలు. బొమ్మ తీసేశాం. కార్తెల కాలెండర్ మాకు తట్టనే లేదు, 27 వంతులు ఫోన్ ఆటకు సరిగ్గా సరిపోతాయి. ప్రకటనలకు వాన ఇవ్వాలన్న ఆలోచన ఒకటి జాబితాలో ఉండేది, కొట్టేశాం.

అప్పు దగ్గర ఆగిపోయాం. ఇప్పుడు ఒకే అప్పు, ఏడాదికి 12 శాతం, ఎప్పుడైనా తీసుకోవచ్చు. ఇది తప్పని తెలుస్తోంది, ఎట్లా మార్చాలో తెలియడం లేదు.

---

పద్దు_పుస్తకం (ప్రొద్దుటూరు)

శాతాలు తీసేయండి. ఊర్లో ఎవరూ 24 శాతం అనరు, నూటికి రెండు రూపాయలు అంటారు, నెలకు. వినడానికి చిన్నది కాబట్టే ఒప్పుకుంటారు. ఆటలోనూ అదే మాట వాడండి, ఏడాది లెక్క పద్దు పుస్తకం తెరిస్తేనే కనబడాలి.

అప్పులు మూడు రకాలు చాలు. బ్యాంకు పంట రుణం: 3 లక్షల లోపు 7 శాతం, గడువులో కడితే 4 శాతమే పడుతుంది. కానీ పాసు పుస్తకం కావాలి, పాతది కట్టి ఉండాలి, చేతికి రావడానికి ఒక కార్తె పట్టాలి. కౌలు రైతుగా ఆడితే ఈ తలుపు దాదాపు మూసే ఉంటుంది. రెండోది బంగారం మీద: అదే రోజు వస్తుంది, కానీ ఇంట్లో నగ ఉండాలి, పెళ్లి సందర్భం వచ్చేలోపల విడిపించాలి. మూడోది నోటు అప్పు: అప్పటికప్పుడు, మనిషిని చూసి ఇస్తారు. పదును రెండు రోజులే అన్నది గుర్తుంది కదా. 4 శాతం బ్యాంకు ఉండగా నూటికి రెండుకు ఎందుకు పోతారనే ప్రశ్నకు జవాబు ఆ రెండు రోజుల్లోనే ఉంది. ఇది ఎవరూ నోటితో చెప్పనవసరం లేదు, ఆడితే తెలుస్తుంది.

నోటు ఎట్లా పెరుగుతుందో సరిగ్గా పెట్టండి. 50,000 నూటికి రెండు. నెలకు 1,000, ఏడాదికి 12,000. ప్రామిసరీ నోటుకు చట్టం ప్రకారం మూడేళ్ల గడువు, అది దాటితే కోర్టులో చెల్లదు. అందుకని మూడేళ్లు నిండకముందే నోటు తిరగరాయిస్తారు. వడ్డీ కట్టకపోతే మూడేళ్లకు 36,000, కొత్త నోటు 86,000కు. ఇప్పుడు వడ్డీ ఆ 86,000 మీద. ఇంకో మూడేళ్లకు అది 1,47,920. చేతికి వచ్చింది మాత్రం మొదటి 50,000 ఒక్కటే. ప్రతి నెలా చక్రవడ్డీ వేసే కంప్యూటర్ సూత్రం పెడితే అంకెలు చాలా ఎక్కువ వస్తాయి, పైగా నోటు తిరగరాసే ఆ రోజు పోతుంది. అదొక సన్నివేశం చేయండి: బల్ల మీద పాత నోటు, కొత్త నోటు పక్కపక్కన, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టే చోట ఆడేవాళ్ల వేలే ఆనించాలి. సంగీతం వద్దు.

అప్పిచ్చినవాడిని విలన్ చేయొద్దు. అతనూ ఊరివాడే. కొడుకు ఫీజుకు ఆ రాత్రి డబ్బు ఇచ్చిందీ అతనే. ఆట అతన్ని చెడ్డవాడిగా చూపిస్తే, ఆడేవాళ్లు అతన్ని ఓడించే దారి వెతుకుతారు. తప్పు లెక్కలో ఉందని కనబడదు.

బీమా కూడా పెట్టండి, చాలామంది మరిచిపోతారు. ఫసల్ బీమాలో ఖరీఫ్ పంటకు రైతు కట్టేది బీమా మొత్తంలో 2 శాతం. ఈ అంకె చూసి అందరూ కట్టేస్తారు. అయితే పరిహారం తేల్చేది మీ చేను చూసి కాదు, మీ చేను ఉన్న బీమా యూనిట్ (ఒకటిగా లెక్కకట్టే ప్రాంతం) మొత్తం సగటు దిగుబడి చూసి. పక్క ఊరికి వాన పడి మీకు పడకపోతే రాకపోవచ్చు. వచ్చినా మరుసటి విత్తనానికి అందకపోవచ్చు. ఆటలో యూనిట్ సగటును మిగిలిన చేన్ల నుంచి లెక్కకట్టండి, మీ చేను ఒక్కటే పాచిక వేసుకోవద్దు.

ధరలకు ఒక మాట. బోరు ఉన్నవాళ్లకు టమోటా ఇవ్వండి. మొన్న ధర చూసి ఊరంతా నాటితే రెండు నెలలు దాటాక అందరి క్రేట్లూ ఒకేసారి మార్కెట్‌కు వస్తాయి. 2023 జూలైలో మదనపల్లెలో కిలో 100 దాటింది. అదే పంటను బాడుగ కూడా రాదని పత్తికొండ దగ్గర రోడ్డు పక్కన పారబోసిన సీజన్లూ ఉన్నాయి. సూత్రం చిన్నదే: ఈ వంతు ధర చూసి ఊరివాళ్లు నాటే ఎకరాలు తేలాలి, ఐదు వంతుల తర్వాత ఆ ఎకరాల్ని బట్టి ధర తేలాలి. ఆడేవాళ్లకు పక్క చేన్లలో నారు పోయడం కంటికి కనబడాలి. చూసే అలవాటున్నవాళ్లు నాటకుండా తప్పించుకుంటారు.

---

సుగ్గి_బాట (ఆదోని)

వలసను ఆట ఓడిపోయిన తెరగా పెట్టొద్దు, అదొక వేరే కాలం. మా పక్క, కోసిగి, మంత్రాలయం వైపు దాన్ని సుగ్గికి పోవడం అంటారు. ఇక్కడ పంట పని అయ్యాక గుంటూరు వైపు మిరప కోతలకు ఇంటికి తాళం వేసి పోతారు. ఎండాకాలం ముదిరేసరికి తిరిగొస్తారు. ఆటలో ఇది ఇంకో పటం, 6 నుంచి 8 వంతులు. ఎంత కోస్తే అంత కూలి. ముందే అడ్వాన్సు తీసుకుంటే అది తీరేదాకా తిరిగి రాలేరు.

నిర్ణయం కష్టమయ్యేది పిల్లల దగ్గర. వెంట తీసుకుపోతే బడి పోతుంది. సీజనల్ హాస్టల్‌లో చేరిస్తే చదువు ఆగదు, సీట్లు మాత్రం కొన్నే. అవ్వ దగ్గర వదిలితే అవ్వ ఆరోగ్యం, వాళ్ల తిండి చూడాలి. మూడింటిలో ఏదీ మంచి జవాబు కాకూడదు, ఏదీ తప్పు జవాబూ కాకూడదు. అమ్మాయి పన్నెండు దాటి ఉంటే ఇంట్లో వంట ఆమె మీద పడుతుంది, ఆ భారాన్ని కూడా గంటల లెక్కలో పెట్టండి.

సుగ్గికి పోకుండా ఉండే దారి కూడా ఉండాలి. ఉపాధి హామీ పని మొదలైందే మీ జిల్లాలో, 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ చట్టం ఇంటికి ఏడాదికి 100 రోజుల పని రాసింది, మస్టరు (పనివాళ్ల హాజరు పట్టీ) మూసిన 15 రోజుల్లో కూలి ఇవ్వాలంది. ఆటలో కూలి కొన్నిసార్లు రెండు, మూడు వంతులు ఆలస్యం కానివ్వండి. అంతవరకు కొట్టులో ఉద్దెర దొరుకుతుందా లేదా అన్నది ఊళ్లో మీ పరపతిని బట్టి ఉండాలి. తవ్విన ఫారం పాండు (నీటి గుంట) మాత్రం చేనులో మిగలాలి, దాని నీళ్లు పక్క ఏడు ఒక తడికి అయినా పనికొస్తాయి. ఎవరో అడిగిన నిచ్చెన ఇదే.

ఇంక పెట్టకూడనిది. ఆత్మహత్యను సంఘటనగా, పాచికగా, ఆట ముగింపుగా ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. అప్పు ఇంత దాటితే ఇది జరుగుతుంది అని నియమం రాస్తే, అప్పుకు అదొక దారి అని ఆట చెప్పినట్టే. ఎట్లా జరిగిందో చూపడం, ఒకే కారణానికి కట్టడం, ఈ రెండూ ప్రమాదమని పత్రికలకే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆటలో ఆడేవాళ్లు తామే ఆ మనిషి, కాబట్టి ఇంకా జాగ్రత్త కావాలి. మనోధైర్యం 0కి పడింది అనే గీత కూడా వద్దు.

దాని బదులు మాట్లాడటాన్ని ఒక పనిగా పెట్టండి. అప్పు పెరిగిన మనిషి సంతకు రావడం తగ్గిస్తాడు, పెళ్లికి రాడు, రచ్చబండ దగ్గర కనబడడు. పక్కింటి మనిషి అట్లా తగ్గిపోతున్నది ఆడేవాళ్లు గమనించి, వాళ్లింటికి పోయి కూర్చోగలగాలి. పోతే ఒక వంతు పని పోతుంది. పోయాక చేసేదీ స్పష్టంగా ఉండాలి: బ్యాంకు దగ్గరికి తోడు పోవడం, నోటు గడువు అడిగిపెట్టడం, రెండు రోజులు వాళ్ల చేనులో బదులు కూలి చేయడం. మెనూలో ఎప్పుడూ కనబడేటట్టు టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ) నంబరు 14416 పెట్టండి, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

2014లో వచ్చిన దిస్ వార్ ఆఫ్ మైన్ చూడండి. సారాయెవో ముట్టడి నుంచి పుట్టిన ఆట, సైనికుల బదులు మామూలు మనుషులు. 2020లో పోలండ్ దాన్ని బడి పిల్లల సిఫారసు జాబితాలో చేర్చింది. అందులో ఆకలి ఉంది, దొంగతనం ఉంది, గిటారు కూడా ఉంది. మీ ఊర్లోనూ కరువు ఏడు పీర్ల పండగ ఆగదు, జొన్నరొట్టె, శెనక్కాయ పొడి ఆగవు. కరువొచ్చిందని తెర రంగు బూడిద చేయొద్దు. ఎండ ఎప్పటిలాగే తెల్లగా కొట్టాలి.

---

పాచికల_లెక్క

చివరగా పని వరుస చెబుతాను. మొదట వాన, నేల బకెట్, శెనక్కాయ, కంది, ఈ నాలుగే పెట్టి బొమ్మలు లేకుండా అంకెలతో 1,000 ఏళ్లు నడపండి. మామూలు ఏట సగటు 4 క్వింటాళ్ల దగ్గర, తక్కువ ఏట ఒకటిన్నర దగ్గర రాకపోతే బకెట్ అంకె సరిచేయండి. తర్వాత అప్పు. ఏ అప్పూ చేయకుండా, కంది సాళ్లు వేసుకుంటూ, పదేళ్లు నడిపిన ఇల్లు గడ్డు కాలంలో కూడా పదింటికి మూడు నాలుగుసార్లైనా నిలబడాలి. అస్సలు నిలబడకపోతే నిర్ణయాలకు విలువ లేదు, ప్రతిసారీ నిలబడితే కరువుకు విలువ లేదు. బోరు, టమోటా, సుగ్గి ఆ తర్వాతే.

---

కదిరి_మెట్ట

ఇంకొక్కటి. తెర మీద వేరుశనగ అని రాయొద్దు. అనంతపురం మనిషి మాట్లాడితే శెనక్కాయ, కర్నూలు చుట్టం వచ్చి మాట్లాడితే బుడ్డలు. భాష సెట్టింగ్‌లో కాకుండా పాత్రల నోట్లోనే పెట్టండి. గింజలు ఒలిచే రాత్రి సన్నివేశంలో చాట శబ్దం కూడా రికార్డు చేసుకోండి, అది ఇంటర్నెట్‌లో దొరకదు.